కుళ్లాయప్ప లేఅవుట్‌లో నాలుగో అంగడి

కుళ్లాయప్ప లేఅవుట్ మూడో వీధి మొదట్లో, మూలమీద ఉన్న అంగడి గదిలో కొద్ది ఏళ్ళ వ్యవధిలో మూడు వ్యాపారాలు మూతపడ్డాయి. మొదటిది మామూలు చిల్లరంగడి. రెండోది అద్దాల తలుపు, చక్రాల బుట్టలు పెట్టిన మార్టు. మూడోది మళ్ళీ చిల్లరంగడే. అయితే ఆ మూడో ఆసామి ముందుజాగ్రత్తగా వాస్తు తెలిసినవారిని పిలిపించి, గల్లాపెట్టెను ఒక మూల నుంచి మరో మూలకు జరిపించి, ఈశాన్యం గోడకు కిటికీ కొట్టించాడు. అంత దిద్దుబాటు తర్వాత ఆ అంగడి బతికిన కాలం, ఏ దిద్దుబాటూ లేని మొదటి అంగడి బతికిన కాలంలో సగం కూడా లేదు. ఈ పోలిక కాలనీలో ఎవరికీ తోచలేదు. గది దక్షిణ ముఖంగా ఉంది కనుక అందులో ఏదీ నిలవదన్న తీర్మానం మాత్రం అందరికీ కంఠస్థం.

ఆ గదిని అద్దెకు అడిగిన మనిషి సుజాత. ధర్మవరంలో మామగారి కాలం నుంచి ఇంట్లో ఉన్న రెండు మగ్గాలను పోయిన వేసవిలో అమ్ముకుని, ఆమె, భర్త ఓబిలేష్ అనంతపురం చేరారు. ఓబిలేష్‌కు ఒక చీరల దుకాణంలో అమ్మకాల పని దొరికింది. మగ్గాలు అమ్మిన సొమ్ము బ్యాంకులో అలాగే ఉంది. దాన్ని ఒక్కసారే ఖర్చుపెట్టగలరు. సరైన చోట పెడితే సొంత బతుకు. తప్పు చోట పెడితే మగ్గాలూ ఉండవు, సొమ్మూ ఉండదు, మిగిలిన ఆయుష్షంతా ఇద్దరూ మరొకరి దుకాణంలో చీరలు మడతపెడుతూ గడపాలి.

గది యజమాని నరసింహప్ప ఆర్టీసీలో డ్రైవరుగా చేసి విరమించినవాడు. అంగడి పైనే మేడమీద కాపురం. ఆదివారం సాయంత్రం లోపల మాట చెప్పాలనీ, లేకుంటే పాత టైర్లు నిల్వ చేసుకోవడానికి అడుగుతున్న వాళ్ళకు తాళంచెవి ఇచ్చేస్తాననీ చెప్పాడు.

ఈ సంగతి తెలిసి ఓబిలేష్ అన్న చంద్రమోహన్ ధర్మవరం నుంచి దిగాడు. జరీ వ్యాపారం చేస్తాడు. కుటుంబంలో ఆయన మాటకు తూకం ఎక్కువ.

"ఆ గది వద్దు సుజాతా. మూడు పొయ్యినాయి. నాలుగోది నువ్వు పెడతావా? దక్షిణం మొగముండే అంగడి అది."

"మీ తమ్ముడు పనిచేసే షాపు యా దిక్కుకుండాది బావా?"

చంద్రమోహన్ తమ్ముడి వైపు చూశాడు. ఓబిలేష్ కాసేపు చెవి గోక్కున్నాడు.

"దక్షిణానికే అన్నా. పెండ్లిండ్ల కాలంలో నిలబడేదానికి జాగా ఉండదు."

"వాళ్ళ జాతకం వేరే, మన జాతకం వేరే," అన్నాడు చంద్రమోహన్.

"మూడు మూతపడినాయంటే కారణం ఉంటాది బావా. అదేందో తెలుసుకోకుండా వద్దంటే ఎట్ల, తెలుసుకోకుండా సరే అంటే ఎట్ల? ఈ వారమంతా ఆ వీధుల్లో తిరుగుతా. తెలియకపోతే నువ్వు చెప్పినట్లే వింటా."

ఆ ఒప్పందం ఆయనకు నచ్చింది. ఆమెకు కారణం దొరకదనే ఆయన నమ్మకం.

కారణం పైకి కనిపించేది కాదు. కాలనీ ఖాళీగా లేదు. బైపాసు రోడ్డుకు ఆనుకొని అన్నీ రెండంతస్తుల ఇళ్ళు, ప్రతి భాగంలోనూ కాపురం. ఉదయం బడి బస్సులు వస్తే రోడ్డు నిండా పిల్లలే. దగ్గరలో మరో పెద్ద అంగడి లేదు. ఇళ్ళ సంఖ్యను మనుషుల సంఖ్యతో, దాన్ని తినే సరుకుతో గుణిస్తే మంచి వ్యాపారం జరిగి తీరాలి. ముందటి ముగ్గురూ అలాగే గుణించి ఉంటారు. గుణకారంలో తప్పు లేదు. అందులో వేసిన అంకెల్లో ఏదో ఒకటి వాస్తవం కాదు. అది ఏదో పట్టుకోవాలి.

సోమవారం ఆమె అట్టకు కాగితాలు బిగించి, పెన్ను పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మూడో వీధిలో గంగక్క అనే ఆమె కొళాయి దగ్గర డ్రమ్ముకు నీళ్ళు పడుతోంది.

"మీ ఇంట్లో ఎంతమందక్కా?"

"నలుగురం." గంగక్క చూపు కాగితం మీద పడింది. "కాదు, ముగ్గురం. మా ఇంటాయప్ప ఊర్లోనే ఉంటాడు. ఆయప్పకూ మాకూ ఏమీ సంబంధం లేదు."

"నెలకు సరుకులు ఎంత కొంటారు?"

"మేమేం కొంటామమ్మా. స్టోరు బియ్యం, నీళ్ళచారు. పిల్లోళ్ళు గూడా అదే తింటారు."

"నూనె?"

"నూనె లేకుండానే వండుకుంటాం."

లోపలి నుంచి శెనక్కాయలు వేయించిన కమ్మని వాసన వీధిలోకి వస్తోంది. సుజాత ఆ వాసనను పట్టించుకోనట్టే జవాబు రాసుకుంది. పక్కింటామె అడగకముందే, తమ ఇంట్లో ఉన్న ఫ్రిజ్జు తమది కాదనీ, చెల్లెలు దాచిపెట్టుకుందనీ చెప్పింది. ఆ పై ఇంట్లో ఒకాయన స్కూటరు మీద దుప్పటి కప్పిన తర్వాత మాట్లాడాడు.

సాయంత్రం ఆ కాగితాలు చదివి ఓబిలేష్ పగలబడి నవ్వాడు.

"నువ్వు రాసిన లెక్క ప్రకారం ఆ వీధిలో అందరూ ఈపాటికి చచ్చిపోయి ఉండల్ల. సచివాలయం నుంచి వచ్చినావనుకున్యారే పిచ్చిదానా. రేషన్ కార్డు పీకేస్తావని భయం."

సుజాత కాగితాలు పక్కన పెట్టింది. ఆమెకు అవమానంగా అనిపించలేదు. ఎవరూ ఊరికే అబద్ధం చెప్పలేదు. ప్రతి ఒక్కరూ ఎదురుగా నిలబడిన మనిషిని చూసి, ఆ మనిషికి చెప్పదగిన జవాబు చెప్పారు. అడిగే తీరు మార్చుకోవాలి. లేదా అడగకుండానే తెలుసుకునే దారి వెతకాలి.

తర్వాతి ఉదయం మునిసిపాలిటీ చెత్త బండి వెంట నడిచింది. బండి తోసే రూతు ఆమెను కొంచెంసేపు వింతగా చూసింది.

"ఏం పోగొట్టుకున్యావు మా? ఉంగరమా?"

"ఏమీ లేదక్కా. ఈ ఇండ్లల్లో ఏమేమి కొంటాండారో చూస్తాండా. అంగడి పెట్టేదానికి."

"అంగడి పెట్టేటోళ్ళు దేవునికి టెంకాయ కొడతారు గాని చెత్తబుట్టలో తల పెడతారా? సరే చూడు. ముక్కు నీది, నాకేం."

పొడి చెత్తలో షాంపూ పొట్లాలు, బిస్కెట్ కాగితాలు, నూడుల్స్ కవర్లు, రాసి పారేసిన రఫ్ పుస్తకాలు, అరిగిన పెన్నులు కుప్పలుగా ఉన్నాయి. పిల్లలు ఎక్కువ, చదువు ఎక్కువ అన్న సంగతి అంతవరకు సరిపోయింది. నూనె ప్యాకెట్లు దాదాపు లేవు. పిండి కవరు ఒక్కటీ లేదు. కందిపప్పు కవర్లు లేవు. మరునాడూ అంతే. ప్రతి వంటింట్లోనూ పొయ్యి వెలుగుతోంది, తాలింపు ఘాటు వీధి దాకా వస్తోంది. ఆ తాలింపులోకి పోయిన నూనె మాత్రం ఏ అంగట్లోనూ కొన్నది కాదు.

మిద్దెల మీద ఆరవేసిన బట్టలను కూడా ఆమె గమనించింది. బడి యూనిఫారాలు, నైటీలు, చీరలు. పని దినాల్లో మగవాళ్ళ చొక్కాలు అరుదు. ఇన్ని కాపురాల్లో మగవాళ్ళు ఏమైనట్టు? వాళ్ళు ఇంకెక్కడో ఉన్నారు. నూనె కూడా అక్కడి నుంచే వస్తూ ఉండాలి.

ఊహను ఊహగానే వదిలేస్తే అది చంద్రమోహన్ చెప్పే వాస్తుకంటే గొప్పదేమీ కాదు. గురువారం సుజాత పాతవూరు మార్కెట్లో జొన్నలు కొని, సంచి చంకన పెట్టుకుని, కాగితం, పెన్ను లేకుండా మళ్ళీ మూడో వీధికి వచ్చింది. గంగక్క అరుగు మీద కూర్చుని రాగుల్లో మట్టిబెడ్డలు ఏరుతోంది.

"అక్కా, ఈడ జొన్నలు ఆడించేదానికి పిండిమిషను యాడుండాది?"

"యాడుండాది నా మొగం! పాతవూరికి పోవల్ల. ఆటోవానికి ఇచ్చే దుడ్లతో ఇంగో మూట జొన్నలు వస్తాయి. పోయినా ఏమి సుఖం? గోధుమలు ఆడిస్తాండే దాంట్లోనే మన జొన్నలు పోస్తాడు. రొట్టె తడితే బంక సాగినట్ల సాగుతాది."

"రొట్టె సంగతి సరే," అంటూ పక్కింటామె గోడ మీదుగా తొంగిచూసింది. "మొన్న మిరపకాయలు ఆడించి ఆ వెనకనే నా రాగులు పోసినాడు. పిల్లోడు సంగటి తిని, నీళ్ళు, నీళ్ళు అని అరిచినాడు."

"నువ్వు ఆడనే నిలబడి చూసుకోవల్ల."

"ఎంతసేపని నిలబడల్ల? పిల్లోళ్ళు బడి నుంచి వచ్చే టయానికి ఇంటికి రావద్దా?"

మాటలు అలా సాగుతుండగా గంగక్క చేట పక్కన పెట్టి సుజాత ముఖంలోకి తేరిపార చూసింది.

"ఆగు. మొన్న అట్ట పట్టుకోని వచ్చింది నువ్వే గదా?"

"నేనే అక్కా. సర్కారు మనిషిని కాను. ఆ మూలగదిలో అంగడి పెడదామని అడిగినా."

"ఆ మాట ముందే చెప్పకూడదా? నీ పుణ్యాన బంగారట్లాంటి మొగుణ్ణి లేడనిపించుకుంటి."

పక్కింటామె నవ్వు ఆపుకోలేక గోడ పట్టుకుంది. గంగక్కా నవ్వింది. సుజాతను కూర్చోమని, మంచినీళ్ళు ఇచ్చి, తమ సంగతి తనే చెప్పింది. వాళ్ళది బెళుగుప్ప పక్కన పల్లె. పిల్లల చదువు కోసం ఆమె ఇక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంది. భర్త పుల్లన్న చేను, గొర్రెలు చూసుకుంటూ అక్కడే ఉంటాడు. శనివారం బస్సుకు వస్తాడు, సోమవారం తెల్లవారకముందే పోతాడు. వీధిలో సగానికి పైగా ఇళ్ళ కథ ఇదే. ఒకరిది కంబదూరు, ఒకరిది నల్లమాడ, అంతే తేడా.

"వచ్చేటప్పుడు చేతులూపుకుంటూ వస్తాడా? రాగులు, జొన్నలు, కందిపప్పు, గానుగ నూనె, అన్నీ మూట కట్టుకోని వస్తాడు. మన చేన్లోవి పెట్టుకోని ప్యాకెట్టు కొంటే ఊరుకుంటాడా?"

"మరి ఆ మూలంగట్లో ఏమి కొంటాంటిరి?"

"సబ్బు, షాంపూ, బిస్కెట్టు. పాపం ఆ అంగడాయప్ప ఎన్ని సబ్బులమ్మి అద్దె కట్టల్ల?"

శనివారం సాయంత్రం సుజాత బైపాసు మలుపు దగ్గర నిలబడింది. బస్సు ఆగిన ప్రతిసారీ మగవాళ్ళు దిగారు. భుజాన గోనె సంచి, చేతిలో నూనె క్యాను, ఒకరి చంకలో పిల్లల కోసం తెచ్చిన కొత్త బంతి. మలుపు నుంచి అందరూ ఒకే దారిన కాలనీలోకి నడిచారు. ఆ దారిలో మొదట తగిలేది మూలగది. దాని వాకిలి దక్షిణానికి, అంటే సరిగ్గా ఆ రోడ్డువైపే ఉంది.

ముందటి మూడు అంగళ్ళూ ఈ సంచులతో పోటీపడి ఓడిపోయాయి. సంచులతో పోటీ పెట్టుకోవడం తెలివితక్కువ పని. ఆ సంచులకే పనికొచ్చే పని చేస్తే?

ఆ రాత్రి భోజనాల దగ్గర తాను తెలుసుకున్నదంతా చెప్పి, పిండిమిషను, దాని పక్కన చిన్న నూనె గానుగ పెడతానంది సుజాత. చంద్రమోహన్ మధ్యలో అడ్డు తగలకుండా విన్నాడు. చెయ్యి కడుక్కొచ్చి కూర్చున్న తర్వాత వాస్తు ఊసెత్తలేదు. వ్యాపారస్థుడిగా అడిగాడు.

"సంచులు వస్తాండాయి, సరే. వాన రాకపోతే? మనది అనంతపురం జిల్లా సుజాతా. పంట ఎండితే సంచి యాడ నుంచి వస్తాది? మిషనుకు ఏమి పోస్తావు?"

ఓబిలేష్ భార్య వైపు చూశాడు. ఆ సంగతి ఆమె వీధిలో ఎవరినీ అడగలేదు.

"మంచి ప్రశ్న బావా. రేపు పొద్దున చెప్తా."

ఆదివారం ఉదయం ఆమె వెళ్ళేసరికి పుల్లన్న అరుగు మీద కూతురి సైకిలు గొలుసు సరిచేస్తున్నాడు. గంగక్క ఆయనకు సుజాతను పరిచయం చేసింది: "నువ్వు నాకు మొగునివి కాదని నాతో చెప్పించింది ఈమెనే." పుల్లన్న నూనె చేతులు గుడ్డకు తుడుచుకుని నవ్వాడు. సుజాత అడగవలసింది సూటిగా అడిగింది.

"వాన పోయిన ఏడు మీరేమి చేస్తారన్నా?"

"ఏం చేస్తాము, తిట్టుకుంటాము."

"తిండికి?"

"వాన రాలేదని సంగటి మానేస్తామా? కణేకల్ పక్క కాలవ నీళ్ళుండే చోట కొంచెమన్నా పండుతాది. నాలుగిండ్లోళ్ళం కలిసి ఆటో మాట్లాడుకోని మూటలు తెచ్చుకుంటాము. లేకపోతే మార్కెట్టులో కొంటాము."

"పిండి కొనరా?"

"గింజయితే కంటికి కనబడతాది, పుచ్చుండాదో మంచిదో. పిండిలో ఏమి కలిపినారో ఎవునికి తెల్సు? కొన్నా గింజలే కొంటాము తల్లీ."

"శెనక్కాయలు?"

పుల్లన్న గొలుసు వదిలి కొంచెం ఆలోచించాడు. "అవి మటుకు కొనేది లేదు. ఆ ఏడు ప్యాకెట్టు నూనెనే."

సుజాత మరో రెండు ఇళ్ళలో ఇదే అడిగింది. మాటలు వేరు, సారం ఒకటే. తిరిగి వస్తూ దారిలోనే గానుగను మనసులోంచి తీసేసింది. గానుగ వాన మీద ఆధారపడే వ్యాపారం. పిండిమిషను ఆకలి మీద ఆధారపడే వ్యాపారం. రెండూ ఒకే గదిలో పెట్టినా ఒకే లెక్కలో పెట్టకూడదు. ఆ సొమ్ముతో రెండో మిషను కొనవచ్చు: ఒకటి జొన్నలకూ రాగులకూ, ఒకటి గోధుమలకు. మిరపకాయలు ముట్టుకునేది లేదు.

ఆమె తెచ్చిన జవాబును చంద్రమోహన్ చివరిదాకా విన్నాడు. "నాకైతే ఆ దిక్కు ఇప్పటికీ నచ్చలేదు," అన్నాడు.

"నచ్చద్దులే బావా. లెక్క నచ్చిందా?"

"లెక్క బాగుండాది," అని ఒప్పుకున్నాడు. ఆపైన మరికొంచెం గట్టిగా, "మిషనుకు బేరమాడేదానికి నేను వస్తా. మీ ఇద్దరికీ బేరం చేతకాదు," అన్నాడు.

సాయంత్రం ముగ్గురూ కలిసి నరసింహప్ప మేడ ఎక్కారు. పిండిమిషను మాట వినగానే ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"చిల్లరంగడికైతే ఇస్తా. మిషనుకు ఇయ్యను. ముప్పై ఏండ్లు ఇంజను పక్కన కూర్చోని చెవులు పోగొట్టుకున్యా. ఇప్పుడు మంచం కింద ఇంగో ఇంజనా?"

"అద్దె ఎన్ని నెలల నుంచి రాలేదన్నా?" అని అడిగాడు చంద్రమోహన్.

"అది నా ఖర్మ. టైర్లోళ్ళు వస్తాండారు గదా. టైర్లు అరవవు."

సుజాత తొందరపడలేదు.

"అన్నా, చిల్లరంగడోళ్ళు ఎందుకు పొయ్యినారు? సరుకు సర్దుకోని ఆటోలో వేసుకుంటే అయిపోయింది, పొయ్యినారు. టైర్లోళ్ళు గూడా అంతే, ఇంగో చోట అద్దె తక్కువైతే దొర్లించుకోని పోతారు. మిషను అట్ల కాదు. నేలలో కాంక్రీటు పోసి బోల్టులు బిగిస్తాము. నేను పోవల్లన్నా పోలేను. నీకు నిలబడే మనిషి కావల్నా, నిశ్శబ్దంగా పొయ్యే మనిషి కావల్నా?"

నరసింహప్ప గడ్డం నిమురుకున్నాడు. "గోడలు అదురుతాయి."

"గోడకు తగలనీయము. మిషను దిమ్మెకు గోడకు మధ్యన సందు వదిలి, కింద మందం రబ్బరు వేస్తాము. మేస్త్రీని నువ్వే పిల్చు, నీ కండ్ల ముందరే పోయిస్తా. బిగించినంక అదిరితే నువ్వు చెప్పిన రోజున ఖాళీ చేస్తా, కాగితం మీద రాయి."

"నేను మధ్యాన్నం పడుకుంటా."

"బువ్వ తిన్యంక పిల్లోళ్ళు బడి నుంచి వచ్చేదాకా ఎట్లా గిరాకీ ఉండదు. అంతవరకు ఆపేస్తా."

ఆయన ఇంకా ఏదో అభ్యంతరం కోసం వెతుకుతున్నట్టు కనిపించాడు. లోపల గదిలోకి చూశాడు, కిందికి చూశాడు, మెట్లవైపు చూశాడు.

"వాకిలి తూర్పుకు మారుస్తావా? ఖర్చు నేనే పెట్టుకుంటా. మూడు సార్లు చెడ్డపేరొచ్చింది ఆ దక్షిణానికి."

చంద్రమోహన్ గొంతు సవరించుకున్నాడు, ఓబిలేష్ తలవంచుకున్నాడు. ఆ మాట బావను సంతోషపెట్టిందనీ, తాను కాదంటే గది చేజారుతుందేమోనని భర్తను భయపెట్టిందనీ సుజాతకు తెలుసు.

"మార్చద్దన్నా. సంచి మోసుకోని బస్సు దిగినోళ్ళు ఆ పక్క నుంచే వస్తారు. తూర్పుకు తిప్పితే వాళ్ళు ఇల్లు చుట్టుకోని రావల్ల. ఆ ఖర్చేదో వాకిట్లో మెట్టు తీసేసి ఏటవాలుగా సిమెంటు పోయించు. బరువుతో మెట్టెక్కడం కష్టం."

"అంటే నీకు నమ్మకం లేదా?"

"శనివారం నాడు ఆ మలుపులో నిలబడి చూసినా. దాని మీద నమ్మకముండాది."

నరసింహప్ప లేచి గోడకున్న కొయ్యకు తగిలించిన తాళంచెవి తీసి, సుజాత చేతికి ఇవ్వకుండా కాసేపు తన చేతిలోనే తిప్పాడు.

"నష్టమొస్తే?"

"వస్తే రావచ్చు. ముందరోళ్ళు ముగ్గురూ యాడ తప్పు చేసినారో తెలియకుండానే పొయ్యినారు. నాకు తెలుస్తాది. తెలిస్తే దిద్దుకుంటా."

తాళంచెవి ఆమె చేతికి వచ్చింది. అడ్వాన్సు, అద్దె సంగతులు చంద్రమోహన్ మొదలుపెట్టాడు. ఆ విషయంలో ఆయన తన గొప్పను నిలబెట్టుకున్నాడు, నరసింహప్ప రెండుసార్లు లేచి వెళ్ళిపోతానని బెదిరించి రెండుసార్లూ కూర్చున్నాడు. అంతా ఖరారైన తర్వాత ముసలాయన గోడ మీది క్యాలెండరు వైపు తిరిగాడు.

"మిషను ఎప్పుడు బిగిస్తావు? ఈ వారంలో అష్టమి ఉండాది, చూసుకో."

"కరెంటోళ్ళు త్రీఫేజు మీటరు పెట్టిన రోజే," అంది సుజాత.

కరెంటువాళ్ళు ఆ అష్టమి నాడే వచ్చారు.